ఒక్క ప్రశ్నా అడగని వైవా

లేదమ్మా, ఆ మాట వింటే నాకు కోపం రాదు. నీరసం వస్తుంది. అంతే.

డీకొలనైజేషన్ మీద మీ యూనివర్సిటీలో సదస్సు పెడుతున్నారనీ, పడమటి దేశాల పని అయిపోయిందా లేదా అని అందులో ఒక పూటంతా వాదన ఉందనీ, "అమ్మమ్మా, అన్నేళ్ళు చరిత్ర పాఠం చెప్పావు కదా, నువ్వేమంటావు?" అనీ నిన్న ఫోన్లో అడిగావు. పూణే నుంచి మీ తమ్ముడు కూడా లైన్లో ఉన్నాడు. కుక్కరు విజిల్ వేస్తోందని చెప్పి పెట్టేశాను. విజిల్ వేసిన మాట నిజమే. కానీ పెట్టేసింది అందుకు కాదు.

పడమటి దేశాల పని అయిపోయిందో లేదో నాకు తెలియదు. అక్కడెవరో సుంకం పెంచితే ఇక్కడ మన రొయ్యల గుంటల వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. నాకు కనబడేది అంతవరకే. మిగతాది మీ సదస్సులో తేల్చండి, తేలాక నాకూ చెప్పండి.

డీకొలనైజేషన్ సిద్ధాంతం అబద్ధమని మాత్రం అనుకోకండి. చిన్నప్పుడు మిషను బడిలో ఇంగ్లండు రాజుల పేర్లు వరుసగా అప్పజెప్పి పెన్ను బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. పెన్నా నది ఎక్కడ పుట్టిందో డిగ్రీకి వచ్చేదాకా తెలియదు. మన బుర్రల్లో సామాను సర్దిపెట్టింది ఎవరో ఒకసారి చూసుకోండర్రా అని ఎవరైనా అంటే నేనెందుకు కాదంటాను? మొదటిసారి ఆ పుస్తకాలు చదివిన రోజు పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. నా నీరసమంతా ఆ పుస్తకాలు పట్టుకుని తిరిగే మనుషుల వల్ల వచ్చింది. ఒక్క రోజు సంగతి చెప్తాను, మీకే అర్థమవుతుంది.

నా సర్వీసులో ఆఖరి రీసెర్చ్ స్కాలరు, సముద్రపొడ్డున జువ్వలదిన్నె అనే ఊరి పిల్ల. పిల్ల అంటున్నానే గానీ అప్పటికే నలభైకి దగ్గర పడింది. జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. వాళ్ళ అమ్మ హార్బరు దగ్గర చేపలు వేలం పాడి కొని, నెల్లూరు తెచ్చి అమ్మే మనిషి. ఆ పిల్ల తీసుకున్న విషయం బైబిలు స్త్రీలు. మీకు తెలిసుండదు. అమెరికా దొరసానుల మిషను ఇక్కడ నడిచిన కాలంలో, గొడుగు, చేతిసంచీ పట్టుకుని ఊరూరూ తిరిగి, ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించి, అక్షరాలు దిద్దించిన తెలుగు ఆడవాళ్ళు వాళ్ళు. ఆ పిల్ల నాయనమ్మ అలాంటి మనిషే. మా తీరాన బతికున్న వాళ్ళలో ఆఖరామె అనుకుంటా. అందరూ ఆమెను అవ్వ అనే వాళ్ళు. థీసిస్‌లో చివరి అధ్యాయం మొత్తం అవ్వ గురించే.

మా హెడ్ గారికి ఈ విషయమే నచ్చలేదు. ఆయన చెడ్డవారు కాదు. నా బండి పాడైతే ఇంటి దాకా దిగబెట్టేవారు. కానీ ప్రపంచ రాజకీయాలంటే పిచ్చి. పొద్దున టీ కప్పు పట్టుకుంటే డాలరు కూలిపోయేదాకా కింద పెట్టేవారు కాదు. డాలరు మా స్టాఫ్ రూములో వారానికి మూడుసార్లు కూలేది.

"మేడం, మీ దొరసానులు పడవెక్కిపోయి యాభై ఏళ్ళు దాటింది. ఇంకా వాళ్ళ గొడుగు కిందనే ఉంటారా?" అనేవారు, నేను చర్చికి వెళ్ళేదాన్ని కాబట్టి.

"థీసిస్ దొరసానుల మీద కాదండీ, మన వాళ్ళ మీద," అనేదాన్ని.

"ఏమన్నారు మేడం?"

నా గొంతు మీకు తెలుసు కదా. మూడో బెంచీ దగ్గరకు వెళ్ళేలోపే అలిసిపోతుంది. ముప్పై ఏళ్ళు ఆ గొంతుతోనే నెట్టుకొచ్చాను, ముందు బెంచీల పిల్లల దయవల్ల.

థీసిస్‌ను బయటి పరీక్షకులు చదివి, బాగుందని రిపోర్టులు పంపాకే వైవా పెడతారు. అంటే సగం గండం గడిచినట్టే. వైవాకి వాళ్ళలో ఒకాయన వచ్చి కూర్చుంటారు, స్కాలరును ప్రశ్నలడుగుతారు, ఆమె జవాబులు చెబుతుంది, డాక్టరేటుకు సిఫారసు చేస్తారు. మా వైవా గురువారం పడింది. డిగ్రీ కాలేజీ లెక్చరరు పోస్టుకి ఆ పిల్ల ఇంటర్వ్యూ సోమవారం. డాక్టరేటు ఖరారైందని యూనివర్సిటీ ఇచ్చే కాగితం చేతిలో ఉంటేనే లోపలికి రానిస్తారు. ఈసారి తప్పితే మళ్ళీ రాయడానికి వయసుండదు. ఆ సంగతి హెడ్ గారికి తెలుసు. వచ్చే ఆయనకు కూడా ముందే ఫోన్లో చెప్పాను.

ఆయన ఢిల్లీలో ప్రొఫెసరు. పుట్టింది గోదావరి పక్కనే. డీకొలనైజేషన్ మీద ఆయన పుస్తకానికి పెద్ద పేరు. పొద్దున్నే స్టేషనుకు నేనూ ఆ పిల్లా వెళ్ళాం. నూలు జుబ్బా, భుజాన సంచీ, నవ్వు ముఖం. ఆ పిల్ల "నమస్కారం సార్" అంది.

"సార్ అనకమ్మా. ఆ మాటలోనే వలస పాలన ఉంది."

ఆ పిల్ల బెదిరిపోయింది. "అయితే ఏమని పిలవమంటారు?"

ఆయన నిజంగానే ఆలోచించారు. కారెక్కాక చెప్పారు. "ప్రొఫెసర్ గారూ అను."



సెమినారు హాలుకి వెళ్ళేసరికి జువ్వలదిన్నె నుంచి వ్యానులో ఆ పిల్ల తాలూకు ఆడవాళ్ళంతా దిగి ఉన్నారు. చేపల పులుసు గిన్నెల మీద అరిటాకులు కట్టి తెచ్చారు. అవ్వను రెండో వరసలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ప్రొఫెసరు గారు అవ్వ దగ్గరకు వెళ్ళి, వంగి, రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరే మా అసలైన గ్రంథాలయం" అన్నారు. ఆమెతో ఫోటో దిగారు. తర్వాత వేదిక ఎక్కారు. ఆ తర్వాత మళ్ళీ అటు చూడలేదు.

ఆ పిల్ల మొదటి స్లయిడు వేసింది. "నెల్లూరు తీరంలో బైబిలు స్త్రీల సేవ" అని థీసిస్ పేరు, కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ అవ్వ పాత ఫోటో. రెండో స్లయిడుకు వెళ్ళబోతుండగా ప్రొఫెసరు గారు చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం. 'సేవ' అంటున్నాం. ఎవరికి సేవ? పాలకుల జ్ఞానాన్ని పల్లెలకు మోసే పనికి సేవ అని పేరు పెట్టింది పాలకులే కదా."

ఇది మంచి ప్రశ్నే. ఆ పిల్ల దగ్గర దీనికి జవాబు కూడా ఉంది. అవ్వ పనిలో చేరేనాటికి తెల్లవాళ్ళ రాజ్యం పోయి చాలా ఏళ్ళయింది, పంపిన వాళ్ళు ఇంగ్లీషు వాళ్ళు కూడా కాదు. ఆమె నోరు తెరిచింది. కానీ అధ్యక్ష స్థానంలో ఉన్న మా హెడ్ గారు ముందే అందుకున్నారు.

"పాలకులు యాడుండారు సార్? వాళ్ళ దేశాల్లోనే వాళ్ళకి దిక్కు లేదు. వాళ్ళ పని అయిపోయింది. ఇంకా వాళ్ళని తిట్టుకుంటా కూచుంటే, లేని గొప్ప మనమే ఇచ్చినట్టు."

"వాళ్ళ పతనం గురించి మాట్లాడటం కూడా వాళ్ళనే మధ్యలో కూర్చోబెట్టడమండీ. పాలకులు పోయినా పాలన మన ఆలోచనలో మిగిలింది."

"మీ ఆలోచనలో మిగిలిందేమో. మా నెల్లూర్లో లేదు."

"మరి మీరు వేసుకున్న ఆ కోటు?"

"ఇది మా అల్లుడు పెట్టినాడు. బ్రిటిషోళ్ళు కాదు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, దేవుడు క్షమించాలి. ఆ నవ్వుతో ఇద్దరికీ ఊపొచ్చింది. ప్రొఫెసరు గారు దక్షిణ అమెరికా పండితులను దించారు. హెడ్ గారు చైనా రైళ్ళను దించారు. ఈయన బంగారం నిల్వలంటే ఆయన జ్ఞాన నిల్వలన్నారు.

"మీ పుస్తకం యాడ అచ్చయింది సార్? లండన్లోనే గదా?"

"దాని చవక ముద్రణ ఢిల్లీలోనే వచ్చింది."

"అదీ మాట! మొదట దొరలకి, తర్వాత మనకి!"

"మీరు నా వాదాన్నే బలపరుస్తున్నారు, గమనించండి."

ఆ పిల్ల ఒకసారి ధైర్యం చేసింది. "ప్రొఫెసర్ గారూ, రెండో స్లయిడులో..."

"ఉండమ్మా. నీ గురించే మాట్లాడుతున్నాం."

పాపం, ఉంది. పోడియం పట్టుకుని నిలబడే ఉంది. స్కాలరు కూర్చోవడం మా దగ్గర ఆచారం కాదు. గైడుగా నేను మధ్యలో కలగజేసుకోకూడదన్నది ఇంకో ఆచారం. గైడు నోరు విప్పితే స్కాలరుకు రాదు కాబట్టి తనే చెబుతోందంటారు. కింద రెండో వరసలో అవ్వా, ఆ పిల్ల అమ్మా మాట్లాడుకుంటుంటే వేదిక మీదున్న నాకు వినబడుతూనే ఉంది.

"ఎవురిమీదమ్మే తగువు?"

"మన పాప మీదే అత్తా."

"పాప ఏం జేసిందంట?"

"ఏం జేయలేదు. చేసేదానికి సందు ఇయ్యలా."

ఒంటిగంట దాటింది. ప్రొఫెసరు గారు గడియారం చూసుకున్నారు. సాయంత్రం రైలుంది. గొంతు సవరించుకుని, ఎంతో బాధతో చెబుతున్నట్టు చెప్పారు.

"ఇంత మౌలికమైన చర్చ జరిగింది. అభ్యర్థి మాత్రం మౌనంగా ఉండిపోయింది. తన సిద్ధాంతాన్ని సమర్థించుకోలేదు. ఆమె మేలు కోరే చెబుతున్నాను. ఒక మూడు నెలలు తీసుకుని, సైద్ధాంతిక అధ్యాయం ఒకటి చేర్చి మళ్ళీ రావడం మంచిది."

నేను హెడ్ గారి వైపు చూశాను. ఇంతసేపూ ఆయనతో తగువాడిన మనిషి కదా, దీన్నీ కాదంటారనుకున్నాను.

"నేనూ అదే అంటున్నా సార్. మూడు నెలలు తీసుకోని, ఉన్న కాస్త సిద్ధాంతం కూడా పీకేస్తే బాగుంటుంది."

ఒకాయన చేర్చమంటారు, ఒకాయన పీకమంటారు. రెండు గంటల్లో ఇద్దరికీ కుదిరిన మాట మూడు నెలలు ఒక్కటే. సోమవారం సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. ఆ పిల్ల ముఖం వైపు చూడలేకపోయాను.

"ఆమెను మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ," అన్నాను లేచి.

"ఏమన్నారు మేడం?"

ఇంకోసారి అన్నాను. ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయింది.

అప్పుడు నాకు బహిరంగ వైవా నియమం గుర్తొచ్చింది. సభలో కూర్చున్న వాళ్ళెవరైనా స్కాలరును ప్రశ్న అడగొచ్చు. ఆ నియమం అందరికీ తెలుసు, ఎవరూ వాడరు. ఎవరైనా వాడితే స్నేహితుడెవరో ముందే అనుకున్న ప్రశ్నొకటి అడిగి కూర్చుంటాడు. నేను వేదిక దిగి ఆ పిల్ల అమ్మ దగ్గరకు వెళ్ళాను.

"అమ్మా, నువ్వు లేచి ఏదైనా అడుగు. అడిగే హక్కు నీకుంది."

"నేనా? నాకేం దెలుసు మేడమా?"

"తెలియనిదే అడుగు. గట్టిగా అడుగు."

హార్బరు దగ్గర వంద మంది అరుపుల్లో ధర పాడే గొంతు ఆమెది. లేచి, కొంగు నడుముకు చుట్టుకుని ఒక్క కేక పెట్టింది.

"ఏమ్మే పాపా! నాలుగేళ్ళు అవ్వ మంచం కాడ కూచోని రాసినావే, ఏం రాసినావు? మాగ్గూడా జెప్పు!"

వేదిక మీద ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆ పిల్ల నా వైపు చూసింది. తల ఊపాను. రెండో స్లయిడు వేసింది.

అమ్మ అడిగింది కాబట్టి అమ్మకే చెప్పింది, ఇంట్లో మాట్లాడే మాటల్లో. దొరసానులు అవ్వకు తిరగమని ఎనిమిది ఊళ్ళ పేర్లు రాసిచ్చారు. ఎనిమిదింటికీ పోయింది. పోయి ఏం చెప్పిందో, ఎంతమంది వచ్చారో రిపోర్టు ఇచ్చింది. అవన్నీ మిషను కాగితాల్లో ఉన్నాయి. కాగితాల్లో లేనిది ఇంకొకటుంది. ఆ ఎనిమిది ఊళ్ళూ అయ్యాక, వారంలో ఒక పూట అవ్వ కాలువ దాటి ఉప్పు మడుల దగ్గరకు పోయేది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు మిషనులో వాళ్ళు కాదు, చర్చి మొహం చూసిన వాళ్ళు కాదు. వాళ్ళకు బైబిలు చదవలేదు. పని ఆగిన కాసేపు మడి గట్టు మీద తడి మట్టిలో వేలు పెట్టి అక్షరాలు దిద్దించేది. అలా ఏళ్ళ తరబడి పోయింది. దొరసానులకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. అవ్వ చెప్పాక ఆ పిల్ల ఆ మడుల దగ్గరకు వెళ్ళి వెతికితే, వేలిముద్ర వెయ్యకుండా సంతకం చేసే ముసలమ్మలు కొందరు కనబడ్డారు. ఎవరు నేర్పారంటే, "గొడుగక్క" అన్నారట.

"ఎందుకు పోయిందో నేను రాయలేదు," అంది ఆ పిల్ల చివరికి. "నాకు తెలవదు గాబట్టి రాయలేదు."

హాలులో తలలన్నీ అవ్వ వైపు తిరిగాయి. అవ్వ మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటోంది, ఇదంతా వేరెవరి సంగతో అన్నట్టు. నా గుండె నిండిపోయింది. ఇంకేం కావాలి, అయిపోయింది అనుకున్నాను.

"అద్భుతం!" అన్నారు ప్రొఫెసరు గారు లేచి నిలబడి. "జ్ఞాన ధిక్కారమంటే ఇదే! నేను పొద్దుట్నుంచీ చెబుతున్నది ఇదే!"

"మీరు చెప్పేది యాడ సార్? నేను చెప్పేది ఇది! దొరల మాట అప్పుడే చెల్లలేదు. వాళ్ళ పతనం మన ఉప్పు మడుల్లోనే మొదలైంది!"

"ఇది పతనం కాదండీ, ప్రతిఘటన!"

"ఒకరి ప్రతిఘటన ఇంకొకరికి పతనం కాదా?"

"అందుకే అంటున్నాను, దీనికి సైద్ధాంతిక అధ్యాయం లేకపోతే..."

మళ్ళీ మొదలు. అవ్వ రెండో వరసలోనే ఉంది. ఎప్పుడో చనిపోయిన మనిషి సంగతిలా చెప్పుకుంటున్నారు, ఆమెను అడిగే వాళ్ళు లేరు. ఆ క్షణంలో నాకు వచ్చిన విసుగు, అమ్మలూ, నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ రాలేదు. అరవాలనిపించింది. అరుపు నాకు చేతకాదు. బల్ల మీద పళ్ళెంలో రెండు శాలువాలు కనబడ్డాయి.

మన దగ్గర సభ ఏదైనా శాలువాతోనే ముగుస్తుంది. ఎంత మొనగాడైన వక్తయినా భుజాల మీద శాలువా పడ్డాక ఇంకో మాట మాట్లాడడు. వైవాలో అయితే ముందు ఫలితం చెబుతారు, తర్వాత శాలువా, తర్వాత ఫోటో, తర్వాత భోజనం. నేను శాలువా తీసుకుని ప్రొఫెసరు గారి వెనక్కి వెళ్ళి, ఆయన దక్షిణ అమెరికాలో ఉండగానే కప్పేశాను.

అలవాటు ఎంత గొప్పదో చూడండి. ఆయన మాట మధ్యలో ఆపి, రెండు చేతులూ జోడించి, తల వంచారు. సెల్‌ఫోన్లు లేచాయి. జువ్వలదిన్నె ఆడవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు. వాళ్ళ చప్పట్లు అంత త్వరగా ఆగవు, క్రిస్మస్ పాటలకు అలవాటుపడ్డ చేతులు. రెండోది హెడ్ గారికి కప్పాను. ఆయనా తల వంచారు. హాలులో అందరూ లేచి నిలబడ్డారు, అయిపోయిందనుకుని. ఆ పిల్ల అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ కూతురిని కావలించుకుంది.

చప్పట్లు ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో నా గొంతు చివరి బెంచీ దాకా వెళ్ళింది. ఉద్యోగంలో అదే మొదటిసారి, అదే ఆఖరిసారి.

"ఫలితం ప్రకటించండి, ప్రొఫెసర్ గారూ."

ఆయన శాలువా వైపు చూసుకున్నారు. హాలు వైపు చూశారు. శాలువా కప్పుకుని మూడు నెలల వాయిదా చెప్పిన పరీక్షకుడు ఈ దేశంలో ఇంతవరకూ పుట్టలేదు.

"డాక్టరేటుకు సిఫారసు చేస్తున్నాం," అన్నారు.

సాయంత్రం స్టేషనుకు వెళ్ళే దారిలో ఆయన, "మేడం, శాలువా కాస్త ముందే కప్పేశారు" అన్నారు.

"కంగారులోనండీ," అన్నాను.

సోమవారం ఆ పిల్ల కాగితం పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఉద్యోగం వచ్చింది. మెట్ట ప్రాంతంలో ఒక డిగ్రీ కాలేజీలో చెబుతోంది. పోయిన నెల ఫోన్ చేసి, "మేడం, మా కాలేజీలో డీకొలనైజేషన్ క్లబ్బు పెట్టినారు, నన్ను కన్వీనర్ని చేసినారు" అని చెప్పింది. ఇద్దరం ఎంతసేపు నవ్వామో. ప్రొఫెసరు గారు తన ఉపన్యాసాల్లో "తీరప్రాంతపు ఒక స్త్రీ" గురించి చెబుతుంటారని విన్నాను. హెడ్ గారు రిటైరై యూట్యూబులో ఉన్నారు. ఆయనా ఉప్పు మడుల సంగతి చెప్పారు, డాలరు కూలే ముందు.

ఆ రోజు భోజనాల దగ్గర అవ్వ పక్కన కూర్చున్నాను. పళ్ళు లేకపోయినా చేప ముల్లు ఎంత శుభ్రంగా తీసేదో. ఎదుటి బల్ల దగ్గర శాలువాలు తీయకుండానే ఇద్దరూ పులుసు కలుపుకుంటూ ఇంకా వాదించుకుంటున్నారు.

"అవ్వా, పొమ్మన్న ఊళ్ళు ఎనిమిదే కదా. ఆ మడులకు ఎందుకు పోయేదానివి?" అని అడిగాను.

ఆమె నన్ను తేరిపార చూసింది.

"ఇంతసేపూ ఆడ్నే గదమ్మా కూచోనుండా. ఆడ అడగకపోతివా, అందురూ వినేదానికి?"

అంతలో వ్యాను హారన్ మోగింది. "లే అత్తా, ఎండెక్కువైంది" అంటూ కోడలు వచ్చి చేయి పట్టుకుంది. "ఊరికి వస్తాను అవ్వా, అప్పుడు చెప్పు" అన్నాను. "రా. చెప్తా" అంది.

రిటైర్మెంటు పనులు, మీ తాతయ్య ఆపరేషను, ఆ వానలు. నేను జువ్వలదిన్నె వెళ్ళేసరికి అవ్వకు మనుషులు గుర్తు లేరు. మంచం మీద కూర్చుని ఉంది. నా చేయి పట్టుకుని, అరచేయి తిప్పి చూసి, "నీకు సదువొచ్చునా పాపా?" అని అడిగింది.

"వచ్చు అవ్వా."

"అట్టయితే పో. పనుండే దానివి," అంది.

ఆ మాటకే ఏమైనా అర్థముందేమోనని చాలా రోజులు ఆలోచించాను. లేదు. ఎవరినైనా అదే అడుగుతోందట, అదే అంటోందట. ఆ ఏడే పోయింది.

నీ సదస్సులో పేపరు చదువు తల్లీ, వద్దనను. అవ్వ సంగతి కావాలంటే అందులో రాసుకో. జవాబు మాత్రం కల్పించకు. పంపిన వాళ్ళు లేరు, పిలిచిన వాళ్ళు లేరు, చూసి మెచ్చుకునే వాళ్ళూ లేరు. ఎనిమిది ఊళ్ళు తిరిగిన కాళ్ళతో, కాలువ దాటి, ఆమె ఎందుకు పోయినట్టు?